వద్దని చెప్పడం ఎవరు నేర్పుతారు?

అనంతపురం

అక్కా,

ఉత్తరం అందింది. బ్రిటన్‌లో చలి మొదలైందని రాశావు. ఇక్కడ శెనక్కాయ ఊడలు దిగే వేళకు ఈసారీ వాన మొహం చాటేసింది. "ఇంకా అదే వార్డు, అవే క్లాసులేనా, విసుగు రాదా?" అని అడిగావు కదా. విసుగు రావడం లేదు. కోపం మాత్రం వస్తోంది. దేనికో చెప్తా విను.

ఓపీకి ముప్పై అయిదేళ్ళు దాటని ఆడమనిషి వస్తుంది. ఒళ్ళంతా సెగలు, కీళ్ళనొప్పులు, నిద్ర పట్టదు. ముట్టు ఎప్పుడు ఆగిందమ్మా అంటే, "గర్భసంచి తీసేసినారు కదా మేడం" అంటుంది, పిప్పిపన్ను పీకించుకున్నంత తేలిగ్గా. ఎందుకు తీశారంటే తెల్లబట్ట, నడుంనొప్పి. స్కానింగ్ తీసి, పుండు పడింది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందన్నారట. కాగితాలేవంటే ఉండవు. అప్పు మాత్రం తీరకుండా ఉంటుంది. గర్భసంచితో పాటు అండాశయాలూ పోతే ఆ వయసులోనే ఎముకలు గుల్లబారడం మొదలవుతుందని, గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇది ఒక్క ఊరి కథ కాదక్కా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో జరిగిన ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. అయితే డబ్బాశ ఒక్కటే కారణమంటే సగమే చెప్పినట్టు. మన దగ్గర పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చిన్న వయసులోనే అయిపోతుంది. ఇక గర్భసంచితో పనేముందని అత్తా అంటుంది, మొగుడూ అంటాడు, చివరికి ఆమే అంటుంది. కలుపుకు పోయిన చేలో మరుగుండదు, కడుక్కోవడానికి నీళ్ళుండవు. రక్తం ఎక్కువ పోయిన రోజు కూలి పోతుంది. కరువు నేల మీద ముట్టే ఒక నష్టంగా కనిపిస్తుంది. మహారాష్ట్ర బీడ్ జిల్లా చెరకు కోత కూలీల గురించి 2019లో దేశమంతా విన్నది ఈ కథే.

ఇందులో మన పాత్ర ఏమిటన్నదే నన్ను తొలుస్తున్న ప్రశ్న. ఆ ఆపరేషన్లు చేసినవాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో ఒక టీచరు క్లాసులో కూర్చుని పాసై వెళ్ళినవాళ్ళే. కత్తి పట్టడం వాళ్ళకు శ్రద్ధగా నేర్పాం. ఎప్పుడు పట్టకూడదో అంత శ్రద్ధగా నేర్పామా? 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో నడవడిక, నీతి, రోగితో మాట్లాడే తీరు కూడా పాఠాలే. చాలామంది వాటిని సంతకాల కోసం గడిపేస్తారు. ఆ గంటలను నేను గర్భసంచికి ఇచ్చాను. కేసు చెప్పే పిల్లలు "హిస్టరెక్టమీ" అనగానే ఆపుతాను. ట్రానెక్సమిక్ యాసిడ్ ఇచ్చి చూశారా? హార్మోన్ లూప్ మాటెత్తారా? లోపలి పొర ముక్క పరీక్షకు పంపారా? తెల్లబట్ట అయితే ఇన్ఫెక్షన్‌కు మందు మొగుడికీ ఇచ్చారా? క్యాన్సర్ భయముంటే, ఎసిటిక్ యాసిడ్ అద్ది గర్భసంచి ముఖద్వారం చూడటానికి నిమిషాలు చాలు కదా? ఆ తర్వాత అసలు పరీక్ష: ఇదంతా ఆమె ముందు కూర్చుని ఆమె మాటల్లో చెప్పాలి. ఇంగ్లిషులో గడగడా చెప్పిన పిల్లలు అక్కడ నీళ్ళు నములుతారు.

"మనం పాఠాలు చెప్పేవాళ్ళం, మనకెందుకీ ఉద్యమాలు" అంటారు తోటివాళ్ళు. కొమర్రాజు అచ్చమాంబ ఆ మాట అనలేదు. బెజవాడలో కాన్పులు చేస్తూనే ప్రసూతి, శిశు పోషణ గురించి తెలుగులో పుస్తకం రాసింది, 1957లో లోక్‌సభకు వెళ్ళింది. మన కాలంలో లైఫ్-హెచ్‌ఆర్‌జీ సంస్థ తరఫున గైనకాలజిస్టు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ ఊళ్ళల్లో తిరిగి, అవసరం లేని ఈ ఆపరేషన్ల లెక్కలు బయటపెట్టారు. ఆ రోజుల్లోనే ఆరోగ్యశ్రీ కింద వీటికి ఆంక్షలు పెట్టక తప్పలేదు. డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలోనూ పర్యవేక్షణ కమిటీ ఉండాలి. అలాంటి బల్ల దగ్గర లెక్క చూసే అధికారితో పాటు, "ఈ వయసుకు ఈ ఆపరేషన్ ఎందుకు?" అని అడగగలిగే టీచరు కూర్చోవాలి. నాయకత్వం అంటే నాకు తెలిసింది అదే. పిలుపు కోసం చూడకుండా, నన్ను వేసుకోండని అర్జీ రాస్తున్నాను.

నీతో ఒక పని ఉంది. అధిక రక్తస్రావానికి మీ దగ్గర నైస్ సంస్థ 2018 మార్గదర్శకాలు చాలామందికి ముందు హార్మోన్ లూప్‌నే సూచిస్తాయి కదా. 2015లో నాడీన్ మాంట్‌గోమరీ కేసులో మీ సుప్రీంకోర్టు, ముప్పులూ వేరే దారులూ రోగికి చెప్పి తీరాలంది. ఆ తీర్పు వచ్చాక మీ కన్సల్టేషన్ గదిలో మాటలు ఎలా మారాయో మా పిల్లలకు ఆన్‌లైన్‌లో ఒక గంట చెప్పు. శనివారం మధ్యాహ్నం మాకు వీలు, నీకు తెల్లవారి ఉంటుంది. స్లైడ్లు వద్దు. నువ్వు డాక్టరుగా ఉండు, ఇక్కడ ఒక అమ్మాయి కదిరి నుంచి వచ్చిన కూలీగా అడుగుతుంది. తెలుగులోనే జవాబు చెప్పాలి. తేదీ రాయి.

నీ చెల్లెలు