ఆరడుగుల తాడు

అప్పలాచియన్ ట్రెయిల్‌ని ఏకబిగిన నడవాలంటే అయిదారు నెలలు పడుతుంది. అమెరికా తూర్పు కొండల మీదుగా జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి పద్నాలుగు రాష్ట్రాలు దాటి, మెయిన్‌లోని కటాడిన్ శిఖరం దాకా సుమారు 2,200 మైళ్ళ కాలిబాట. అన్ని నెలలు ఇంటినీ ఉద్యోగాన్నీ పక్కనపెట్టగలిగేది ఎవరు? మిగతావాళ్ళం ముక్కలు ముక్కలుగా నడవాల్సిందే. 'సెక్షన్ హైక్' అంటారు దీన్ని, కాస్త చిన్నచూపుతోనే. ఆడవాళ్ళు చదివిందీ రాసిందీ కూడా ఇలా ముక్కల్లోనే కదా!

ఈ అక్టోబరులో నేనూ నా కుక్క చుక్కీ వర్జీనియాలో షెనన్‌డోవా నేషనల్ పార్కు ముక్క నడుస్తాం. నూటొక్క మైళ్ళు. ఈ ముక్కని ఎంచుకున్నది నిజానికి చుక్కే. గ్రేట్ స్మోకీ పర్వతాల్లో ఈ బాట మీదికి కుక్కల్ని రానివ్వరు. కటాడిన్ ఉన్న బాక్స్‌టర్ పార్కులోనూ రానివ్వరు. షెనన్‌డోవాలో మాత్రం ఆరడుగులకి మించని తాడుతో పట్టుకుంటే సరిపోతుంది.

కటాడిన్ నియమం చదవగానే మహాప్రస్థానిక పర్వం గుర్తొచ్చింది. వెంట వచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. అది అందరికీ గుర్తే. అదే దారిలో అందరికంటే ముందు పడిపోయింది ద్రౌపది. అర్జునుడి మీద పక్షపాతం వల్ల పడిందని కారణం చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడాయన. కుక్క మీది దయకి మురిసిపోయే మనం ఆ పడిపోయిన మనిషిని ఎంత తేలిగ్గా దాటేస్తామో!

నా ఒక్కదాన్నయితే రోజుకి పదిహేను మైళ్ళు నడుస్తాను. చుక్కితో పది అనుకున్నాను. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, ఒగర్చి చల్లబడాలి. అందుకే ఎండాకాలం వద్దనుకున్నాను. రాళ్ళకి అరికాళ్ళు కోసుకుపోతే పద్దెనిమిది కిలోలు మోయాల్సింది నేనే కాబట్టి నాలుగు బూట్లు కొని ఇంట్లో అలవాటు చేస్తున్నాను. మొదటిరోజు బాతులా నడిచి, నావైపు మహా అవమానంగా చూసింది. రోజూ సాయంత్రం ఇద్దరి ఒంటిమీదా పిడుదులు వెతకాలి, లైమ్ జబ్బు ఇద్దరికీ రావచ్చు. నల్ల ఎలుగులుంటాయి గనక రాత్రిపూట నా తిండితోపాటు దాని తిండినీ ఎత్తున వేలాడదీయాలి.

"ఒక్కదానివేనా?" అంది అమ్మ ఫోన్లో.

"చుక్కి ఉందిగా అమ్మా."

"అయితే సరే."

ఆ 'అయితే సరే' దగ్గరే నాకు చిక్కు. 1996లో ఇదే పార్కులో జూలీ విలియమ్స్, లాలీ వినన్స్ అనే ఇద్దరు అమ్మాయిలు, ఒకరినొకరు ప్రేమించుకున్నవాళ్ళు, గుడారం వేసుకున్నారు. వెంట టాజ్ అనే కుక్క ఉంది. ఇద్దర్నీ చంపేశారు. టాజ్ ప్రాణాలతో దొరికింది. హంతకుడు ఫలానా అని ఎఫ్‌బీఐ చెప్పగలిగింది 2024లో. అప్పటికి వాడు వేరే నేరానికి జైల్లో ఉండి, 2018లోనే చనిపోయాడు.

ఇదంతా అమ్మకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "మరెందుకే వెళ్ళడం?" అంది చివరికి.

ఎమ్మా గేట్‌వుడ్ గురించి చెప్పాను. పదకొండుమంది పిల్లల తల్లి. ఏళ్ళ తరబడి కొట్టిన భర్త. ఆవిడ ఒళ్ళు హూనమైంది అడవిలో కాదు, సొంత ఇంట్లో. విడాకులు తీసుకుని, 1955లో 67 ఏళ్ళ వయసులో, కుట్టుకున్న సంచీ భుజాన వేసుకుని, మామూలు కాన్వాసు బూట్లతో ఈ బాటంతా ఒంటరిగా నడిచింది. కుక్క కూడా లేదు. 1957లో మళ్ళీ నడిచింది. మూడోసారి 1964లో పూర్తిచేసింది, ముక్కలు ముక్కలుగానే.

అమ్మ ఆ పేరు రెండుసార్లు పలికించుకుంది. ఏ రాత్రి ఎక్కడ ఆగుతానో రాసి పంపమంది. మొదటి రాత్రి కాఫ్ మౌంటెన్ గుడిసెతో మొదలుపెట్టి పది రాత్రులూ రాసి పంపాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోను: "దానికి పూటకి ఎంత తిండో రాయలేదేం?"