ఆ పసుపు లైటు

ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వస్తూనే పెద్దాయన దాన్ని చూశాడు. కారు మీటర్ల మధ్య గుర్రపు నాడా లాంటి బొమ్మ, అందులో ఓ ఆశ్చర్యార్థకం, పసుపు రంగులో వెలుగుతోంది.

‘‘ఏరా, ఆ లైటేంటి?’’

‘‘టైర్లలో గాలి గురించి నాన్నా. దాన్ని పట్టించుకోకు. కిందటి చలికాలం నుంచి అలా వెలుగుతూనే ఉంది’’ అన్నాడు కొడుకు.

పెద్దాయన ఇంకేం అనలేదు. అమెరికాలో, మిషిగన్‌ రాష్ట్రంలోని నోవైలో ఉంటున్న కొడుకు దగ్గరికి రావడం ఆయనకదే మొదటిసారి. ఇక్కడ తనకు తెలియనివి చాలా ఉంటాయని విమానం ఎక్కేటప్పుడే అనుకున్నాడు. అయితే టైరు సంగతి వేరు. చిలకలూరిపేటలో హైవే పక్కన ముప్పై నాలుగేళ్లు పంక్చర్‌ షాపు నడిపిన మనిషి. ఆ షాపు మీదే ఈ కొడుకుని ఇంజినీరింగ్‌ చదివించాడు. అర్ధరాత్రి లారీ ఆగితే నిద్రకళ్లతోనే ఇనపరాడ్డు తీసుకుని చక్రం మీద కొట్టి, ఆ శబ్దాన్ని బట్టి ఏ టైరులో గాలి తగ్గిందో చెప్పేవాడు.

మర్నాడు పొద్దున్నే మంకీక్యాపు పెట్టుకుని, మంచులో కారు చుట్టూ తిరిగాడు. నట్లు విప్పే స్పానరుతో నాలుగు చక్రాల మీదా తట్టాడు. లోపలికొచ్చి ‘‘బానే ఉన్నయ్‌ అన్నీ’’ అన్నాడు. ‘‘మరి లైటెందుకు వెలుగుతోంది?’’

అప్పుడు కొడుకు తీరిగ్గా కూర్చుని చెప్పాడు.

ఆ దేశంలో 2000 సంవత్సరంలో పెద్ద గొడవే జరిగింది. ఫోర్డ్‌ ఎక్స్‌ప్లోరర్‌ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్‌ టైర్లు వేగంగా వెళ్తుండగా పైపొర ఊడిపోయి, బండ్లు బోల్తా పడ్డాయి. రెండొందల డెబ్భై మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది ఆగస్టులో కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకుంటానని ప్రకటించింది. నవంబరులో కొత్త చట్టం వచ్చింది. టైర్లలో గాలి తగ్గితే డ్రైవరుకు తెలియజేసే ఏర్పాటు ఉండాలన్న నిబంధన దాని ఫలితమే. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ తయారైన కార్లన్నిటికీ అది తప్పనిసరి. ఉండాల్సిన గాలిలో నాలుగో వంతు తగ్గిందంటే లైటు వెలగాల్సిందే.

అందుకోసం ప్రతి చక్రం లోపలా, గాలి కొట్టే వాల్వుకు ఆనుకుని ఓ చిన్న సెన్సర్‌ ఉంటుంది. లోపలి గాలి ఎంతో కొలిచి రేడియో ద్వారా కారుకి చెబుతుంది. ఒక్కో సెన్సర్‌కీ ఒక్కో నంబరు. కారు తన నాలుగు నంబర్లనే గుర్తుపెట్టుకుంటుంది. లేకపోతే ట్రాఫిక్‌లో పక్కనున్న కారు చక్రాలు చెప్పేది కూడా తన కబురే అనుకుంటుంది కదా!

‘‘ఇక్కడ చలికాలం కోసం వేరే టైర్లు వేసుకుంటాం నాన్నా. మామూలు టైరు రబ్బరు చలికి బిగుసుకుపోయి మంచు మీద పట్టు దొరకదు. అందుకే రిమ్ములతో సహా ఇంకో సెట్టు కొన్నాను. వాటిలోనూ సెన్సర్లున్నాయి గానీ ఖాళీవి. ఇంకా వాటికి నంబర్లు రాయలేదు. కారుకి తన పాత నంబర్లు వినపడక లైటు వేస్తోంది. అంతే.’’

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. ‘‘అంటే ఇంటి ముందున్న కుక్కకి మనింటి నలుగురి వాసనే తెలుసు. కొత్తవాళ్లొస్తే మొరుగుతోంది. అంతేగా?’’

‘‘అచ్చం అంతే’’ అని నవ్వాడు కొడుకు.

‘‘ఏడాది నుంచి మొరుగుతూనే ఉంటే, రేపు దొంగొచ్చినా మీకు తెలీదు గదరా.’’

కొడుకు దగ్గర జవాబు లేదు. పెద్దాయనకి మాత్రం ఓ పాత వ్యాను గుర్తొచ్చింది. ఎడం వెనక టైరు పక్కన కోత ఉంది, గాలి కూడా నిలబడట్లేదు, మార్చుకుని పొమ్మని ఆ డ్రైవరుకి చెప్పాడు. ‘ఒంగోల్లో చూసుకుంటాలే’ అని వెళ్లిపోయాడు. మార్టూరు దాటలేదు. తర్వాత ఆ బండిని లాక్కొచ్చినప్పుడు టైరు ముక్కలు చూసింది ఈయనే. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు. కానీ రోజూ పొద్దున కోడలు ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని హైవే మీదికి వెళ్తుంటే, ఆ కారు మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడేవాడు.

శనివారం నాటికి కొడుకు ఓ పరికరం తెప్పించాడు. టైర్ల షాపుకి వెళ్తే చేసిపెడతారు కానీ చక్రాలు మార్చినప్పుడల్లా డబ్బు కట్టాలి. నాలుగైదుసార్లు కట్టే డబ్బుతో పరికరమే వస్తుంది. టీవీ రిమోట్‌ కన్నా కాస్త పెద్దది. చిన్న తెర, నాలుగు బటన్లు.

మొదట గ్యారేజీలో గోడకానించి ఉన్న వేసవి చక్రాల దగ్గర కూర్చున్నారు తండ్రీకొడుకులు. పరికరంలో కారు పేరు, మోడల్‌, తయారైన ఏడాది ఎంచుకుని, వాల్వు పక్కన పెట్టి బటన్‌ నొక్కాలి. నిద్రపోతున్న సెన్సర్‌ లేచి తన నంబరు, గాలి ఎంతుందో, లోపల వేడి ఎంతో, బ్యాటరీ ఎలా ఉందో చెబుతుంది. మొదటి చక్రం పలికింది. రెండోదీ, మూడోదీ పలికాయి. నాలుగోది ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

‘‘బ్యాటరీ అయిపోయినట్టుంది. కారు కొని పదేళ్లు దాటింది. అవి అయిదు నుంచి పదేళ్లే వస్తాయి. బ్యాటరీ ఒక్కటే మార్చడానికి కుదరదు, మొత్తం సెన్సరే మార్చాలి’’ అన్నాడు కొడుకు. అంతలోనే అతనికి సంగతి అర్థమైంది. ‘‘అందుకే ఎండాకాలంలో పాత చక్రాలు వేసినా లైటు ఆరలేదు. నేనేమో అదెప్పుడూ ఇంతేలే అనుకున్నా.’’

పలకని సెన్సర్‌ నంబరు తెలుసుకునేదెలా? దానికీ దారుంది. స్టీరింగ్‌ కింద ఉండే ప్లగ్గుకి పరికరాన్ని తగిలిస్తే, కారు గుర్తుపెట్టుకున్న నాలుగు నంబర్లూ తెర మీదికొచ్చాయి. మూడు తెలిసినవే. మిగిలిందే నాలుగోది. పెద్దాయన మనవరాలి నోటుబుక్కులో వాటిని ఒక్కో అక్షరం, అంకె సరిచూసుకుంటూ రాసిపెట్టాడు.

తర్వాత కారు దగ్గరికెళ్లారు. బయట చలి చేతులు కొరికేస్తోంది. ఒక్కో చక్రం వాల్వు దగ్గర పరికరం పెట్టి, అందులోని ఖాళీ సెన్సర్‌లోకి ఒక్కో పాత నంబరు ఎక్కించాడు కొడుకు. ఒక్కోదానికి నిమిషమో రెండు నిమిషాలో. ఇలా పాత నంబర్లే రాస్తే కారుకి కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు. చక్రాలు ఏ సెట్టువైనా తనవేననుకుంటుంది. కాకపోతే రెండు సెట్లూ కారు దగ్గర ఒకేచోట ఉండకుండా చూసుకోవాలి.

రాశాక సరిగ్గా ఎక్కిందో లేదో మళ్లీ చదివి చూడాలి. డ్రైవరు తలుపు అంచున అతికించిన కాగితం మీద గాలి 33 ఉండాలని ఉంది. ముందు రెండు చక్రాలూ 31 చూపించాయి. కుడి వెనకది 30. బయటి వేడి దాదాపు అయిదున్నర డిగ్రీల సెల్సియస్‌ పడిపోయినప్పుడల్లా గాలి ఒక పాయింటు తగ్గుతుంది కాబట్టి, చలికి ఆ మాత్రం తగ్గడం మామూలే.

ఎడం వెనకది 22 చూపించింది.

కొడుకు ఇంకోసారి నొక్కాడు. 22. పెద్దాయన మాట్లాడకుండా స్పానరు తీసుకుని ఆ చక్రం మీద తట్టాడు. పక్కదాని మీద తట్టాడు. మళ్లీ దీని మీద. చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

‘‘నాకు తేడా తెలీలేదురా’’ అన్నాడు చివరికి. ‘‘నేనే బాగుందన్నా.’’

‘‘లారీ టైరు కాదుగా నాన్నా. ఇవి బాగా దిగిపోతే గానీ కంటికి కనపడదు’’ అని కొడుకు సర్దిచెప్పబోయాడు. ఆ మాటలు ఆయన విన్నట్టు లేదు. అప్పటికే జాకీ కోసం డిక్కీ తెరుస్తున్నాడు.

‘‘గాలెంతుందో నీ మిషను చెప్పింది. ఎక్కడినుంచి పోతోందో చెబుద్దా?’’

చెప్పదు. చక్రం విప్పి గ్యారేజీలోకి దొర్లించుకొచ్చారు. గిన్నెలు తోమే సబ్బు, బకెట్టు నీళ్లు అడిగాడు పెద్దాయన. గాలి నిండుగా పట్టించి, నురగ పూస్తూ అంగుళం అంగుళం తిప్పాడు. టైరు గాడిలో ఒకచోట సన్నగా, ఆగి ఆగి ఓ బుడగ ఉబ్బింది. అక్కడ తుడిచి చూస్తే తల అరిగిపోయిన చిన్న స్క్రూ. డిక్కీలో పంక్చర్‌ కిట్టు ఉంది. చిలకలూరిపేటలో వాడే లాంటి జిగురు స్ట్రిప్పే. ఆ పనిలో మాత్రం ఆయన చేతులు ఎవరినీ ఏమీ అడగలేదు.

చడీచప్పుడు లేకుండా చూస్తున్న కోడలు నెమ్మదిగా అంది. ‘‘మామయ్య గారూ, నేను రోజూ దీని మీదే పిల్లల్ని...’’

‘‘ఇప్పుడు తెలిసిందిగా అమ్మాయ్‌’’ అన్నాడాయన, తల ఎత్తకుండా.

నాలుగింటికీ 33 పెట్టాక అందరూ కలిసి బయల్దేరారు. బండి కాస్త వేగం అందుకుంటే గానీ సెన్సర్లు కారుతో మాట్లాడవు. హైవే ఎక్కిన కొద్దిసేపటికి వెనక సీట్లోంచి మనవరాలే ముందు చూసింది. ‘‘తాతయ్యా, లైట్‌ పోయింది!’’

ఆర్నెల్ల తర్వాత పెద్దాయన ఊరికి తిరిగొచ్చాడు. షాపు ఇప్పుడు తమ్ముడి కొడుకు చూసుకుంటున్నాడు. ఇక్కడి కార్లలోనూ ఈ సెన్సర్లు బాగానే వస్తున్నాయి. టైర్లలో గాలి చెప్పే ఏర్పాటు, పంక్చర్‌ కిట్టు ఉంటే కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో మన కేంద్ర ప్రభుత్వం కూడా నిబంధనలు మార్చింది. అందుకే పెద్దాయన వచ్చీ రాగానే కుర్రాడికి రెండు విషయాలు చెప్పాడు. టైరు విప్పేముందు లోపల సెన్సరుందా అని కారాయన్ని అడగాలి. ఉంటే వాల్వు దగ్గర లివరు పెట్టకూడదు. ఒక్క దెబ్బకి విరిగిపోద్ది.

మొన్నామధ్య ఓ కారు గాలి కోసం ఆగింది. లోపల భార్యాభర్తలు, వెనక పిల్లలు. మీటర్ల మధ్య ఆ పసుపు లైటు వెలుగుతోంది. ముందు టైర్లు రెండూ చూసి చాలన్నాడు కారాయన.

‘‘ఆ లైటు?’’ అన్నాడు పెద్దాయన.

‘‘అదెప్పుడూ వెలుగుతూనే ఉంటుంది లెండి.’’

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. కుర్రాడి చేతిలోంచి గేజీ తీసుకుని, ఏమీ అనకుండా, వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు.