మన కాక్‌పిట్‌లో దారి చూపేది ఏది?

ఈసారి కూడా పొడుగు పోస్టే. టీ పక్కన పెట్టుకుని చదవండి.

షెడ్డులో ఉన్న మన పాత బోయింగ్ 737-200 కాక్‌పిట్ పని ముప్పాతిక భాగం అయింది. సీట్లకు కొత్త గుడ్డ వేశాం. జీన్సు గుడ్డే, బళ్ళారి కదా! ఇంజన్ మీటర్ల ముళ్ళు కదులుతున్నాయి. చక్రాల లీవరు పైకీ కిందికీ పోతోంది. ఎదుటి గోడ మీద ప్రొజెక్టరు రన్‌వే చూపిస్తోంది. మిగిలినవల్లా ఇద్దరు పైలట్ల ముందు ఖాళీగా ఉన్న బొక్కలు. తుక్కు కింద మన చేతికి వచ్చేనాటికే దారి చూపే పరికరాలన్నీ ఎవరో ఊడదీసుకుపోయారు. ఆ బొక్కల్లో ఏం పెట్టాలని మూడు కూటాలు పెట్టుకున్నాం. మూడింటిలోనూ గొంతులు లేచాయి. చివరికి ఏం తేల్చామో, ఎందుకు తేల్చామో చందా ఇచ్చిన ప్రతి ఇంటికీ చెప్పాలి. అందుకే ఈ పోస్టు.

ముందు మన ఊరి సంగతి ఒకటి. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా మోసుకొచ్చారు. చిన్న పస్ మాత్ విమానం, ఒకటే ఇంజను. బొంబాయిలో ఆ సంచులు అందుకుని మద్రాసుకు బయలుదేరిన పైలట్ నెవిల్ విన్సెంట్. దారిలో రాత్రికి ఆగింది ఎక్కడనుకున్నారు? మన బళ్ళారిలోనే. అప్పటికి మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. ఎయిర్ ఇండియా పుట్టుపూర్వోత్తరాలు రాసిన ప్రతిచోటా బళ్ళారి పేరు వస్తుంది. మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో మీరే అడిగి చూడండి.

ఆ విమానంలో రేడియో లేదు. నేల మీద దారి చెప్పే స్టేషను కూడా లేదు. మ్యాపు, దిక్సూచి, చేతి గడియారం, కిందికి చూసే కళ్ళు, అంతే సరంజామా. ఇంత వేగంతో, ఈ దిక్కుకు, ఇన్ని నిమిషాలు పోయాం కాబట్టి ఇప్పుడు ఇక్కడ ఉండాలి అని లెక్క వేసుకోవాలి. ఆ లెక్క నిజమో కాదో కింద కనిపించే నదితోనో, రైలు పట్టాలతోనో, కొండతోనో సరిచూసుకోవాలి. ఈ మైదానంలో మన కోటగుట్ట లాంటి ఏకశిల కనిపిస్తే ఏ పైలట్‌కైనా ప్రాణం లేచొస్తుంది. లెక్క ఒక సాక్షి, గుట్ట రెండో సాక్షి. ఈ రెండు సాక్షుల మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక మన మూడు పక్షాలు.

మొదటిది కుర్రకారు పక్షం. వాళ్ళ మాట సూటిగా ఉంది. "ఏమప్పా, ఫోన్లోనే మ్యాపు ఉండంగా ఈ ముండ్లెందుకు? యాడుండామో సెప్పే తెర ఒకటి పెడితే సాలదా?" జీపీఎస్ తెర పెడితే విమానం బొమ్మ మ్యాపు మీద కదులుతుంది. ఐదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. పైగా లోకం అటే పోతోంది. మన ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి చేసిన గగన్ వ్యవస్థ జీపీఎస్ సంకేతాన్ని సరిదిద్ది ఇస్తుంది. దాని సాయంతో 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దిగింది. ఇవన్నీ నిజాలే. దీనికి తోడు ఒక దాత, పెద్ద తెర ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నారు. షరతు ఒకటే: తెర ప్యానెల్ నడిమధ్యలో ఉండాలి.

రెండో పక్షం ఇనర్షియల్ పరికరం కావాలన్నవాళ్ళది. 1970లో మొదటి జంబో జెట్లతో వచ్చిన కరౌసెల్ అనే పెట్టె అది. బయటి సంకేతం ఏదీ అక్కర్లేదు. లోపల తిరిగే గైరోలు, వేగం మార్పును పసిగట్టే మీటర్లు కలిసి బయలుదేరిన చోటు నుంచి ఎంత దూరం, ఎటు కదిలామో కూడుకుంటూ పోతాయి. తొమ్మిది మజిలీలు అందులో ఎక్కించవచ్చు. చూడటానికి దర్జాగా ఉంటుంది, నంబర్లు వెలుగుతాయి. అయితే అది సముద్రాలు దాటే పెద్ద విమానాల సామాను. హైదరాబాదు, మద్రాసు, బెంగళూరు మధ్య తిరిగిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 737లు నేల మీది రేడియో స్టేషన్లను పట్టుకునే తిరిగాయి.

మూడో పక్షం విమానాశ్రయంలో రేడియో పరికరాలు బాగుచేసి రిటైరైన మన పెద్దాయనది. ఆయన అడిగినవి నాలుగే: వీఓఆర్ రెండు, డీఎంఈ, ఏడీఎఫ్, ఒక మంచి గడియారం.

ఇవి తెలియనివాళ్ళ కోసం కొంచెం విడమరుస్తాం. వీఓఆర్ అంటే నేల మీద ఉండే రేడియో స్టేషను. అది రెండు సంకేతాలు పంపుతుంది. ఒకటి అన్ని దిక్కులకూ ఒకేలా ఉంటుంది. రెండోది దిక్కును బట్టి మారుతుంది. రెండింటికీ ఉన్న తేడాను కొలిచి, స్టేషనుకు మనం ఏ గీత మీద ఉన్నామో విమానంలోని పెట్టె చెబుతుంది. డీఎంఈ దూరం చెబుతుంది. అదీ ఏటవాలు దూరం. 36 వేల అడుగుల ఎత్తులో స్టేషనుకు నేరుగా పైన ఉన్నా సుమారు 6 మైళ్ళనే చూపిస్తుంది. ఏడీఎఫ్ ముల్లు స్టేషను వైపుకు తిరుగుతుంది. పిడుగుల మబ్బు దగ్గరుంటే పాపం ఆ మెరుపుల వైపుకూ తిరుగుతుంది.

బళ్ళారి మీద 20 వేల అడుగుల ఎత్తులో ఉన్నామనుకోండి. బెంగళూరు స్టేషను నుంచి సుమారు 340 డిగ్రీల గీత మీద ఉంటాం. హైదరాబాదు స్టేషను నుంచి సుమారు 215 డిగ్రీల గీత మీద ఉంటాం. మ్యాపు మీద స్కేలు పెట్టి రెండు గీతలూ గీస్తే అవి కలిసే చోటే మన ఊరు. ఒక్క గీత ఉంటే ఆ గీత మీద ఎక్కడైనా ఉండొచ్చు. రెండోది వచ్చి కోసినప్పుడే చోటు తేలుతుంది. అది కూడా ఉజ్జాయింపే. 60 మైళ్ళ దూరంలో ఒక డిగ్రీ తేడా అంటే ఒక మైలు తేడా. బెంగళూరు మనకు సుమారు 125 నాటికల్ మైళ్ళు కాబట్టి ఒక డిగ్రీకి రెండు మైళ్ళు అటూ ఇటూ. అందుకే పెద్దాయన రెండు వీఓఆర్‌లు అడిగారు, పక్కన గడియారం అడిగారు.

"ఇంత లెక్క పిల్లలకెందుకు?" అన్న ప్రశ్న మూడు కూటాల్లోనూ వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వెతుకుతూ పాత ప్రమాదాల గురించి చదివాం. మూడు సంగతులు ముందు పెడతాం.

1983 సెప్టెంబర్ 1న కొరియన్ ఎయిర్‌లైన్స్ 007 విమానం అలాస్కాలోని యాంకరేజ్ నుంచి సియోల్‌కు పోతూ దారి తప్పింది. సోవియట్ గగనతలంలోకి వెళ్ళి కూల్చివేతకు గురైంది. 269 మంది పోయారు. అందులో ఇనర్షియల్ పెట్టెలు ఒకటి కాదు, మూడు ఉన్నాయి. కానీ ఆటోపైలట్ వాటి మాట వినే స్థితిలో లేదు, దిక్సూచి దిక్కునే పట్టుకుని పోయిందని తర్వాతి విచారణ చెప్పింది. గంటల తరబడి ఆ తేడాను ఎవరూ పట్టుకోలేదు. జీపీఎస్‌ను మామూలు ప్రజల విమానాలకు కూడా ఇస్తామని అమెరికా ప్రకటించింది ఈ ఘోరం తర్వాతే.

1991 ఆగస్టు 16న కలకత్తా నుంచి ఇంఫాల్‌కు పోయిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం కొండను ఢీకొంది. అదీ మన షెడ్డులో ఉన్నలాంటి 737-200నే. 69 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఉన్న చోటు గురించి తప్పుగా అనుకుని ముందే కిందికి దిగడం మొదలుపెట్టారనీ, గడిచిన సమయాన్ని లెక్కలోకి తీసుకోలేదనీ విచారణ తేల్చింది. అంటే వీఓఆర్ ముళ్ళున్నంత మాత్రాన కూడా చాలదు. ఆ సంగతి మూడో పక్షంవాళ్ళకు చెప్పినప్పుడు పెద్దాయన వాదించలేదు. "అందుకే గడియారం అడిగినా" అన్నారు.

మూడోది నిన్నమొన్నటిది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. కిందికి చేరేసరికి ఆ సంకేతం చాలా సన్నగిల్లిపోతుంది. దాన్ని నేల మీది నుంచి మూసేయవచ్చు, దొంగ సంకేతం పంపి మోసం చేయనూవచ్చు. 2025 నవంబర్‌లో ఢిల్లీ దగ్గర కొన్ని విమానాలకు అలాంటి తప్పుడు సంకేతాలు అందాయని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఆ జవాబు ఇచ్చిన పౌర విమానయాన మంత్రి మన తెలుగువారే, శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు. నేల మీది పాత స్టేషన్లను కనీస సంఖ్యలో నిలబెట్టుకుంటున్నామని కూడా అదే జవాబులో ఉంది. అమెరికా కూడా వీఓఆర్‌లను తగ్గించింది గానీ పూర్తిగా తీసేయలేదు.

మూడు కాలాలు, మూడు రకాల పరికరాలు. ఏ పెట్టె గొప్పదన్న వాదం అక్కడితో మాకు పస లేనిదైపోయింది. సీట్లో కూర్చున్న మనిషి ఒక పెట్టె చెప్పిన మాటను ఇంకో దానితో సరిచూస్తున్నాడా లేదా? మన సిమ్యులేటర్ నేర్పాల్సింది ఆ అలవాటు. కాబట్టి ఏ పరికరం పెడితే ఆ అలవాటు పడుతుందో అదే పెట్టాలి.

ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ మీద చిన్న పరీక్ష చేసి చూశాం. ఇద్దరు పిల్లలకు కదిలే మ్యాపు ఇచ్చాం. ఇద్దరికి రెండు వీఓఆర్ ముళ్ళు, కాగితం మ్యాపు, స్కేలు, పెన్సిలు ఇచ్చాం. ఇరవై నిమిషాలయ్యాక అన్నీ ఆపేసి, "ఇప్పుడు బళ్ళారి ఎటుంది?" అని అడిగాం. మ్యాపు చూసిన పిల్లలు నల్లబడిన తెర వైపే చూశారు. రెండో జంట కాగితం మీద వేలు పెట్టి చూపించింది. కొంచెం తేడాగానే చూపించారు గానీ, ఎందుకు అక్కడ అనుకున్నారో చెప్పగలిగారు. పైలట్ పరీక్షలకు చదువుతున్న మన అమ్మాయి పక్కనే ఉంది. ఎయిర్ నావిగేషన్ పేపరులో తాను నెలల తరబడి బట్టీ పట్టిన రేడియల్ సంగతి ఆ పిల్లల పెన్సిలు గీతల్లో కళ్ళకు కట్టిందని చెప్పింది. కోచింగుకు ఇంకో ఊరు పోయే స్తోమత లేని ఇల్లు వాళ్ళది. ఈ షెడ్డు తెరిస్తే మొదట వాడుకునేది తనే.

తేల్చింది ఇదీ. పైలట్ల ముందు రెండు వీఓఆర్‌లు, ఒక డీఎంఈ, ఒక ఏడీఎఫ్, నడిమధ్యలో గడియారం. అసలు విమానపు మీటర్లు దొరికితే పైముఖం అలాగే ఉంచుతాం. లోపలి యంత్రం మాత్రం మారుస్తాం. ఎందుకంటే విమానంలో కరెంటు 400 హెర్ట్జ్, మన ఇళ్ళలో 50 హెర్ట్జ్. దానికోసం వేరే కన్వర్టరు కొని, దాని మోత భరించే బదులు చిన్న స్టెప్పర్ మోటార్లతో ముళ్ళు తిప్పి, కంప్యూటర్ నుంచి లెక్క అందించడం చవక. స్టేషన్లు మాత్రం నేటివే పెడతాం. 2008లో బేగంపేట నుంచి శంషాబాద్‌కు, హాల్ నుంచి దేవనహళ్ళికి ప్రయాణికుల విమానాలు మారిపోయాయి. 1980ల నాటి ఆకాశం పెడితే పెద్దవాళ్ళకు ముచ్చటే గానీ, చదువుకునే పిల్లలకు ఉపయోగం లేదు.

మరి జీపీఎస్ తెర? అదీ ఉంటుంది, కాక్‌పిట్ వెనక గోడ మీద. నిజమైన ట్రైనింగ్ సిమ్యులేటర్లలో కూడా నేర్పేవారి దగ్గర, పైలట్ల వెనక, విమానం పోయిన దారి చూపే మ్యాపు ఉంటుంది. వరసలో నిలబడ్డ పిల్లలు, తల్లిదండ్రులు ఆ తెర మీద విమానాన్ని చూస్తుంటారు. లోపల ఉన్నవాళ్ళు పెన్సిలుతో గీసుకుంటారు. దిగాక బయటికొచ్చి తమ గీతను తెర మీది గీతతో పోల్చుకుంటారు.

దాతగారికి ఈ మాట మేమే ఇంటికి వెళ్ళి చెప్పాం. తెర మధ్యలో కాకుండా వెనక పెడతామంటే ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. ఇంకా ఔననలేదు, కాదనలేదు. ఆయన వద్దంటే తెర ఆలస్యమవుతుంది, కాక్‌పిట్ ఆగదు. మనలో కొంతమంది కుర్రవాళ్ళకూ ఈ తీర్మానం నచ్చలేదని తెలుసు. వాళ్ళు మోటార్ల వైరింగు పని వదలకుండా చేస్తున్నారు, అది చాలు.

ఇప్పుడు మీ సాయం కావాలి. ఎవరి దగ్గరైనా పాత విమాన మీటర్లు, పాడైనవైనా సరే, ఉంటే చెప్పండి. పాత ఏరోనాటికల్ చార్టులుంటే జిరాక్సు తీసుకుని తిరిగిచ్చేస్తాం. టంకం పని తెలిసినవాళ్ళు ఆదివారం పది గంటలకు షెడ్డుకు రండి. ఈ తీర్మానంతో ఒప్పుకోనివాళ్ళు కూడా రండి. మీ వాదం వినడానికి కుర్చీ ఉంటుంది, మ్యాపు మీద గీయడానికి పెన్సిలు కూడా ఉంటుంది.