చిలికాలో ఏ రేవు ఎక్కుదాం?

శ్రీకాకుళం జిల్లా మూలపేటకి పక్కనే సముద్రం. ఓడరేవుకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన కూడా జరిగింది. కానీ అది సరకుల కోసం. పిల్లల్ని సరదాగా పడవెక్కించాలంటే ఉద్దానం వాళ్లకి దగ్గర్లో ఉన్నది ఒడిశాలోని చిలికా సరస్సే. పలాసలో రైలెక్కితే బరంపురం దాటాక కిటికీలోంచే కనిపిస్తుంది. చిక్కల్లా ఎక్కడ దిగాలన్నదే!

ముందు వచ్చేది రంభ. సరస్సుకి దక్షిణపు కొస. ఒడ్డున కొండలూ నీళ్లలో చిన్న చిన్న దీవులూ... తీరిగ్గా తిరగాలనుకునేవాళ్లకి హాయిగా ఉంటుంది. తర్వాత బాలుగావ్‌లో దిగితే బర్కూల్ రేవు. ఇక్కడి పడవలు కాళీజాయి అమ్మవారి దీవికి తీసుకెళ్తాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఇదే నయం. ఇరవాడీ డాల్ఫిన్లు చూడాల్సిందేనని పిల్లలు పట్టుబడితే మాత్రం సాతపడా వెళ్లాలి. అది సరస్సుకి అవతలి వైపు, పూరీ దారిలో. ఒక్కరోజులో వెళ్లి రావడం కష్టం కాబట్టి జగన్నాథుడి దర్శనంతో కలుపుకుంటే సరి. అంతదూరం వెళ్లినా అవి కనిపించి తీరతాయన్న భరోసా లేదు.

ఏ రేవైనా టికెట్ ధరకన్నా ముందు అడగాల్సింది లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయి ఎన్నో కుటుంబాలకి కడుపుకోత మిగిల్చింది. అందుకే పడవలో మనుషులెందరో, జాకెట్లెన్నో లెక్క చూసుకున్నాకే కాలు పెట్టాలి. గాలి గట్టిగా వీస్తుంటే ఆ పూటకి ఒడ్డు నుంచే చూసి వెనుదిరిగినా నష్టం లేదు. సరస్సు ఎక్కడికీ పోదు!