ట్రామ్ టికెట్టుకు పట్టిన యోగం

కుర్ట్ ష్విట్టర్స్. ఈ పేరు మీకు ముందే తెలిసుంటే అదృష్టవంతులు. నాకు ఈమధ్యనే తెలిసింది. అప్పట్నుంచి ఇంటికొచ్చిన వాళ్లందర్నీ కూర్చోబెట్టి ఆయన బొమ్మలు చూపిస్తున్నాను. ఇన్నాళ్లూ ఈ మనిషి గురించి నాకెవరూ ఎందుకు చెప్పలేదసలు!

ఆయనది జర్మనీలోని హానోవర్. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి దేశమంతా చితికిపోయి ఉన్న రోజుల్లో వీధుల్లో పడున్నవి ఏరడం మొదలుపెట్టాడు. వాడేసిన ట్రామ్ టికెట్లు, మిఠాయి పొట్లాల కాగితాలు, గుడ్డపీలికలు, గుండీలు, తీగముక్కలు, విరిగిన చెక్కలు, ఏదైనా సరే. వాటిని అట్టలమీద అతికించి, మేకులు కొట్టి, అక్కడక్కడా రంగు పూశాడు. 1919లో ఈ కళకు 'మెర్జ్' అని పేరు పెట్టుకున్నాడు.

1921లో చేసిన 'చెర్రీ చిత్రం' చూడండి. అబ్బ, ఏం బొమ్మ! ఎత్తు మీటరుకి కాస్త తక్కువ. దూరం నుంచి చూస్తే ఒకదాన్నొకటి తోసుకుంటున్న రంగుల పలకలే. దగ్గరికెళ్తే ఒక్కో ముక్కా తనెక్కడి నుంచి వచ్చిందో చెప్పేస్తుంది: ఇది గుడ్డ, ఇది బెండుముక్క, ఇది అచ్చుకాగితం. వీటి నడుమ పిల్లలకు మాటలు నేర్పే కార్డొకటి, దాని మీద చెర్రీపళ్లు. ఆ కార్డు మీదే 'నిన్ను ప్రేమిస్తున్నా' అని వ్యాకరణం తప్పిన జర్మన్‌లో చేతిరాత! నాకు పిచ్చెక్కించింది ఇదే. చెత్తను చెత్త కాదన్నట్టు దాచలేదాయన. చిరుగు చిరుగులాగే ఉంది, మరక మరకలాగే ఉంది. అయినా ఏ ముక్కనూ అంగుళం జరపాలనిపించదు.

నాజీలకు ఈ ఆట నచ్చలేదు. 1937లో ఆయన నార్వే పారిపోయాడు. అదే ఏడు మ్యూనిక్‌లో వాళ్లు పెట్టిన 'భ్రష్ట కళ' ప్రదర్శనలో ఆయన బొమ్మలనూ వేలాడదీశారు. హానోవర్ ఇంట్లో ఏళ్ల తరబడి గదులు నిండేలా కట్టుకున్న మెర్జ్ నిర్మాణం 1943 బాంబుదాడిలో నేలమట్టమైంది. 1940లో జర్మన్లు నార్వే మీద పడితే బ్రిటన్ చేరాడు. అక్కడేమో జర్మన్ వాడని ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో నిర్బంధించారు. ఆ క్యాంపులో ఏం చేశాడనుకున్నారు? తోటివాళ్లు తినగా మిగిలిన ఓట్స్ జావ పోగుచేసి శిల్పాలు చేశాడు! అవి బూజుపట్టి పచ్చబడ్డాయట. పట్టనీండి. అన్నీ పోయిన మనిషి చేతికందిన జావతో ఆడుకోగలిగాడంటే, అంతకంటే పెద్ద కళాకారుణ్ణి నేనెరగను.

చివరి రోజుల్లో ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో, ఒక రాతికొట్టం గోడమీద మెర్జ్ నిర్మాణం మళ్లీ మొదలుపెట్టాడు. పూర్తికాకుండానే 1948 జనవరిలో కన్నుమూశాడు. ఆ గోడను 1960లలో ఊడదీసి న్యూకాసిల్‌లోని హాటన్ గ్యాలరీకి చేర్చారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

'చెర్రీ చిత్రం' న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌ది. అంత దూరం వెళ్లక్కర్లేదు, ఆ మ్యూజియం వెబ్‌సైట్‌లో చూడొచ్చు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, బాగా పెద్దది చేసి, ఒక్కో ముక్కా ఏమిటో వాళ్లనే చెప్పమనండి.