అరుంధతి కనపడలేదు

1981 వైశాఖంలో మా చిన్నపిన్ని పెళ్ళి. రాత్రి ముహూర్తం. తెనాలికి ఆరేడు మైళ్ళ దూరంలో అమ్మమ్మగారి ఊరు. నాన్నది బదిలీల ఉద్యోగం కావడంతో నేను అక్కడే ఉండి చదువుకునేవాణ్ణి. తలంబ్రాలు, సప్తపది అన్నీ అయ్యేసరికి పదకొండు దాటింది. పురోహితుడుగారు "కొంగుముడి జాగ్రత్తమ్మా" అంటూ పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ పందిట్లోంచి బయటికి నడిపించి, పెట్రోమాక్సు లైట్ల వెలుగు పడని గడ్డివామి పక్కకి తీసుకెళ్ళారు. వెనకాలే పిల్లలం డజనుమందిమి.

"ఉత్తరంగా చూడమ్మా. నాలుగు చుక్కలు మంచం కోళ్ళలా ఉన్నాయా? వాటి వెనక మూడు తోకలా వంగి ఉన్నాయా? ఆ మూడింట్లో నడిమిది వసిష్ఠుడు. ముందు ఆయన మీద చూపు నిలుపు. ఇప్పుడు ఆయన్ని ఆనుకుని కుడిపక్కన నలుసంత చుక్క. ఆవిడే అరుంధతి."

ముందు పెద్దదాన్ని చూపించి, దాని ఆసరాతో చిన్నదాన్ని చూపించడం. పాఠం చెప్పేవాళ్ళకి ఇది ఎంత పనికొచ్చే పద్ధతంటే, శాస్త్రాల్లో దీనికి స్థూలారుంధతీ న్యాయమని పేరే ఉంది. పెద్దయ్యాక ఆ మాట ఎక్కడ కనపడినా నాకు ఆ గడ్డివామే గుర్తొస్తుంది.

పిన్ని తలెత్తి రెండు క్షణాలు చూసి "కనిపించిందండీ" అంది. కొత్త బాబాయి ఇంకా తొందరగా చూసేశాడు. నాకంటే ఏడాది పెద్దయిన మా బావ "అదుగో, అదుగో" అని వేలు పెట్టి చూపిస్తున్నాడు. నాకు మాత్రం తోకలో మూడు దూదిపింజలు కనపడ్డాయి. నడిమి పింజకి కుడిపక్కనా లేదు, ఎడంపక్కనా లేదు. చుక్కలంటే అందరికీ దూదిపింజల్లాగే ఉంటాయనుకునేవాణ్ణి అప్పటికి. తొమ్మిదేళ్ళవాడికి వేరే ఏం తెలుస్తుంది? "నాకూ కనపడింది" అని అందరికంటే గట్టిగా అరిచాను.

మర్నాడు పెళ్ళివారు ఇంకా కదల్లేదు. అరుగు మీద తమలపాకులు తుడుస్తూ కూర్చున్న ఓ దూరపు బామ్మగారు ఎవరి సంగతో చెబుతూ, "పోయేముందు ఆయనకి అరుంధతి కంటికి ఆనలేదుట. అది కనపడనివాళ్ళు ఆర్నెల్లు దాటరు. ఆరిపోయిన దీపం వాసన తెలియకపోయినా అంతే" అంది. విన్నవాళ్ళు తలలాడించారు. నేను వెళ్ళి గాదె వెనక గోడ మీద బొగ్గుతో మొదటి గీత గీశాను.

అరుంధతి సరే, దీపం సంగతైనా తేల్చుకుందామని ఆ సాయంత్రం నుంచీ ఇంట్లో దీపాలార్పి వాసన చూడటం మొదలుపెట్టాను. కమురు వాసన బ్రహ్మాండంగా తగిలింది. కొంత ధైర్యం వచ్చింది. మూడోరోజు సంధ్యవేళ దేవుడి దగ్గర వెలిగించిన దీపం ఆర్పుతూ దొరికిపోయాను. అమ్మమ్మ నన్ను కొట్టింది అదొక్కసారే.

ఆ వేసవంతా పడక డాబా మీదే. పొద్దువాలాక నాలుగు బిందెల నీళ్ళు చల్లితే డాబా ఆవిర్లు కక్కేది. అది చల్లారాక చాపలు, పెద్దవాళ్ళకి నవారు మంచాలు. కరెంటు పోయిందంటే ఊరంతా చీకటి, ఆకాశమంతా చుక్కలు. మా పాలేరు సప్తర్షుల్ని ముసలమ్మ మంచం అనేవాడు. ఆ తోకలో మూడూ మంచాన్ని ఎత్తుకుపోవడానికొచ్చిన దొంగలుట! వసిష్ఠుడు దొంగైపోయిన ఆ కథ నాకు భలే నచ్చేది. కానీ రోజూ నడిమి దొంగ పక్కన వెతకడం, కనపడకపోవడం, పొద్దున్నే వెళ్ళి గీత గీయడం తప్పలేదు.

నిజానికి వసిష్ఠుడికీ అరుంధతికీ మధ్య ఎడం తక్కువేం కాదు. చందమామ వెడల్పులో మూడోవంతు కంటే కాస్త ఎక్కువే. చూపు సరిగా ఉన్న కంటికి అది సులువు. పాతకాలపు అరబ్బులు అరుంధతిని సుహా అనేవారు, దాన్నిబట్టే చూపుకి పరీక్ష పెట్టేవారు. హ్రస్వదృష్టి ఉన్నవాడికి ఒక్కో చుక్కా చందమామంత మసక అయిపోతుంది. ఆ మసకలో చిన్నది మునిగిపోతుంది. నా రోగం అదే. మా ఊళ్ళో ఆ పరీక్ష పెళ్ళి పేరుతో జరిగేది, అందరూ పాసయ్యేవారు. పగటి ముహూర్తాల్లో సైతం మిట్టమధ్యాహ్నం ఆకాశం చూసి "కనిపించిందండీ" అనేవాళ్ళని చాలామందిని చూశాను.

దుర్భిణీ వచ్చాక వసిష్ఠుడి గుట్టు బయటపడింది. 1617లో గెలీలియో శిష్యుడు కాస్టెల్లి చూసేసరికి ఆయన ఒక్కడు కాదు, ఇద్దరు. 1857లో మొట్టమొదట ఫొటోకెక్కిన జంట నక్షత్రం కూడా ఆయనే. ఆ ఇద్దరిలో పెద్దవాడు మళ్ళీ ఇద్దరని 1889లో హార్వర్డ్ నుంచి పికరింగ్ ప్రకటించాడు. ఆ రోజుల్లో ఎంత పెద్ద దుర్భిణీలోనూ విడిపడని జంట అది. వర్ణపటంలో గీతలు రెండుగా చీలి, మళ్ళీ కలిసిపోవడం చూసి పట్టుకున్నారు. ఇరవైరోజులకోసారి ఒకరి చుట్టూ ఒకరు తిరిగేస్తారు. 1908లో చిన్నవాడూ ఇద్దరేనని తేలింది. అరుంధతమ్మకీ చిన్న ఎర్రటి తోడొకటి ఉందని 2009లో బయటపడింది. మొత్తం ఆరుగురు, ఎనభై పైచిలుకు కాంతి సంవత్సరాల దూరంలో ఉమ్మడి కాపురం. ఆదర్శ దంపతులని చూపించే పురోహితుడుగారికి ఇది చెప్పే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

ఆ ఏడు వానలు వెలిసి దసరా దాటేసరికి సప్తర్షులు సాయంత్రం ఆకాశంలో లేనే లేరు. దొంగలు మంచాన్ని ఎత్తుకుపోయారు! నా లెక్క ప్రకారం గడువు కార్తీకంలో తీరుతుంది. గోడ మీద గీతలు నిండిపోయాయి. అన్నం సయించడం లేదు. అమ్మమ్మ దిష్టి తీసింది, ఉపయోగం లేకపోయింది.

కార్తీకమాసం నెలంతా ఆవిడ తెల్లవారుజామున కాలవకి వెళ్ళేది స్నానానికి. చివరి వారంలో ఓ రోజు నేనూ వెంటపడ్డాను. అరటిదొప్పల్లో దీపాలు నీళ్ళ మీద వరసగా సాగిపోతున్నాయి. తలెత్తితే ఈశాన్యంలో, తాడిచెట్ల పైన మంచం నిలువుగా నిలబడి ఉంది. తోక కిందికి. నడిమి చుక్క కింద మళ్ళీ వెతికాను. లేదు.

రేవుమెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. వణుకుతూ తడిచీర పిండుకుంటున్న అమ్మమ్మకి అంతా చెప్పాను. పెళ్ళిలో అబద్ధం, బామ్మగారి మాట, గోడ మీద గీతలు.

అమ్మమ్మ నవ్వలేదు. "నాకు అది కనపడి పదేళ్ళయిందిరా" అంది. "శుక్లాలు. మీ పిన్ని పెళ్ళిలో నేనూ కనపడిందనే అన్నాను. పోయానా?"

ఆ సంక్రాంతి సెలవుల్లో మామయ్య నన్ను తెనాలిలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మైనస్ రెండున్నర. నల్లఫ్రేము కళ్ళజోడు పెట్టుకుని బయటికొస్తే వేపచెట్టుకి విడివిడిగా ఆకులున్నాయి.

మాఘం చివర శివరాత్రి జాగారం. అర్ధరాత్రి గుళ్ళోంచి మైకు వినపడుతుంటే డాబా ఎక్కాం. వసిష్ఠుడు సూదిమొనంత. పక్కనే, కిందగా కాస్త కుడివైపు, ఇంకో మొన. ఇన్నాళ్ళూ ఇంత తేలిగ్గా అక్కడే ఉందా అని కోపం వచ్చింది కూడా.

"వెనకే ఉందా?" అంది అమ్మమ్మ.

"వెనకే. ఆయన పైకెక్కుతుంటే ఆవిడా ఎక్కుతోంది."

"ఏదీ, నీ జోడిలా ఇయ్యి." నా కళ్ళజోడు ముక్కు మీద నిలబెట్టుకుని ఉత్తరం వైపు చాలాసేపు చూసింది. కనపడిందా అని అడిగాను. జోడు తీసి, చీరకొంగుతో అద్దాలు తుడిచి నా చేతిలో పెట్టింది.

"గీతలు పడనీకు. మామయ్య నలభై రూపాయలు పోశాడు."