గవ్వకు దొరికిన గడప

విశాఖపట్నం నుండి అరకులోయకు రెండు దారులున్నవి. ఒకటి కొత్తవలస–కిరండుల్ రైలు మార్గం. రెండవది శృంగవరపుకోట మీదుగా కొండనెక్కే ఘాటు రోడ్డు. రెండూ నాకు కొత్తవి కావు. అయినా 2025 డిసెంబరులో ఏ దారిన వెళ్ళాలన్న ప్రశ్న నన్ను వారం రోజులు వేధించింది. అందుకు కారణం నాతో రాబోయే ప్రాణి. దాని పేరు గవ్వ. వయస్సు ఏడాదిన్నర ఉండవచ్చు. గోధుమవన్నె ఒళ్ళు, తెల్లని పాదాలు, మొనలు వంగిన చెవులు. జాతి ఏమిటని అడిగేవారికి నేను చెప్పగలిగిన సమాధానం ఒకటే: మన వీధి జాతి.

గవ్వ నాది కాదు. ఈ మాట నాకు నేనే ఏడు నెలలుగా చెప్పుకుంటూ వచ్చాను. మే నెలలో ఒక సాయంకాలం చేపలరేవు దగ్గర, మంచుగడ్డల లారీ కింద, వెనుకకాలు చీలి పడి ఉండగా అది నాకు కనిపించింది. పశువైద్యుడు కుట్లు వేసి, "కొన్నాళ్ళు ఎవరైనా ఇంట్లో పెట్టుకోవాలి" అన్నారు. శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా ఒక కుక్కను తన ఇంట ఉంచి సాకే పద్ధతి మన నగరాలలో ఇప్పుడు బాగా వ్యాపించింది. పుట్టింటికీ అత్తింటికీ నడుమ మేనత్త ఇల్లు వంటిదది. తిండి పెట్టాలి, మందు వేయాలి, మనిషి మీద నమ్మకం కలిగించాలి. ఆ నమ్మకం కుదిరిన తరువాత మరొకరి చేతికి అప్పగించాలి. మొదటి మూడు పనులూ నాకు సులభంగానే పట్టుబడ్డవి.

కాలు మానింది. రేబిస్ టీకాలు పూర్తయినవి. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స జరిగింది. ఇక ఇల్లు వెదకడమే మిగిలింది. నాలుగు నెలలలో పదకొండుగురు ఫోను చేశారు. అందరి ప్రశ్నలూ దాదాపు ఒకటే: "జాతి ఏమిటి? బాగా మొరుగుతుందా? కాపలాకు పనికివస్తుందా?" వీధి కుక్క అనగానే అధికభాగం ఫోను పెట్టేశారు. నిజానికి మన ఎండకూ వానకూ వేల ఏళ్ళుగా అలవాటుపడిన ఒళ్ళు దానిది. శీతల దేశాలలో ఒత్తయిన బొచ్చుతో పెరగవలసిన కుక్కలను తెచ్చి, విశాఖ ఉక్కపోతలో బాల్కనీకి కట్టివేసేవారు ఈ సంగతి తలపోయరు.

చివరికి ఒక కుటుంబం ముందుకు వచ్చింది. సముద్రం కనిపించే అపార్టుమెంటు, ఇద్దరు పిల్లలు, మంచి మాటలు. ఆనందంగా పంపాను. తొమ్మిదవ రోజున తిరిగి తెచ్చి దింపారు. "ఇరుగుపొరుగు ఏ జాతి అని అడుగుతున్నారండీ, చెప్పుకోలేకపోతున్నాం" అన్నారు. వారిని నేను తప్పుపట్టలేదు. తప్పు నాదే. వాళ్ళు అడిగినవాటికి జవాబులు చెప్పానే గాని, నేను అడగవలసినవి అడగలేదు. గవ్వ మాత్రం రెండు రోజులు మంచం కింద నుండి బయటికి రాలేదు.

ఆ తరువాతి నెలలో ఒక పరిచితుల ద్వారా అరకు సమీప గ్రామం నుండి ఫోను వచ్చింది. కొండ బడులలో ముప్పయి ఏళ్ళు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయుడు. భార్య గతించింది. పద్నాలుగేళ్ళు తోడుగా ఉన్న కుక్క అంతకు ముందు ఏడాది పోయిందట. ఆయన జాతి అడగలేదు, మొరుగుతుందా అని అడగలేదు.

"దానికి ఏమిటంటే భయం అమ్మా?" అని అడిగారు.

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఎవరూ అడగని ప్రశ్న అది. "చీపురు చూస్తే మూలకు పోతుంది మాస్టారూ. ఇనుప షట్టరు చప్పుడు వింటే వణుకుతుంది" అన్నాను.

"ఇక్కడ షట్టరు లేదు" అన్నారాయన. చీపురు సంగతి ఎత్తలేదు.

ఆ ఏడాది దేశమంతటా వీధి కుక్కల గురించే చర్చ. ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాల వీధి కుక్కలన్నింటినీ పట్టి ఆశ్రయాలలో ఉంచాలని 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే నెల 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని సవరించింది. రేబిస్ సోకినవీ, మనుషుల మీద పడి కరిచేవీ తప్ప మిగిలిన కుక్కలకు శస్త్రచికిత్స చేసి, టీకాలు వేసి, పట్టుకున్న చోటనే విడిచిపెట్టాలన్నది. ఆ ఉత్తర్వులోనే మరొక మాట ఉన్నది. వీధి కుక్కను దత్తత చేసుకోగోరేవారు పురపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చును; అయితే ఆ కుక్క మళ్ళీ వీధిపాలు కాకుండా చూసే బాధ్యత వారిదే. కుక్కకాటుకు బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖాన్ని నేను చిన్నచూపు చూడలేను. కుక్కలకు అన్నం పెట్టేవారినీ నిందించలేను. ఈ రెండు పక్షాలూ అంగీకరించగల పని ఒకటున్నది: ఒక కుక్కకు నిజమైన ఇల్లు చూపించడం. అయితే ఆ ఇల్లు తొమ్మిది రోజులది కాకూడదు.

దారి సంగతికి వస్తాను. రైలులో కుక్కను తీసుకుపోవడానికి నియమాలున్నవి. మొదటి తరగతిలో ఒక గది మొత్తం మన పేరనే తీసుకుంటే దానిని వెంట ఉంచుకోవచ్చును. లేదా పార్సిలు కార్యాలయంలో సుంకం చెల్లించి గార్డు పెట్టెలో ఉండే కుక్కల అరలో పంపాలి. 2022 నుండి గార్డును ట్రైన్ మేనేజరు అంటున్నారు గాని ఆ ఇనుప అర మాత్రం అదే. స్లీపరు తరగతిలో, ఏసీ రెండు, మూడు తరగతులలో అనుమతి లేదు. షట్టరు చప్పుడుకే వణికే ప్రాణిని ఇనుప అరలో పెట్టి, సొరంగం వెంట సొరంగం దాటించడానికి నాకు మనసొప్పలేదు. టాక్సీ మాట్లాడుకున్నాను. ఘాటు మలుపులలో కడుపు తిప్పకుండా ఉదయం దానికి తిండి పెట్టలేదు. పశువైద్యుని ధ్రువపత్రం, టీకాల పుస్తకం, అది పడుకునే పాత దుప్పటి సంచిలో సర్దుకున్నాను.

డ్రైవరు శృంగవరపుకోట మనిషి. గవ్వను ఎగాదిగా చూసి, "ఏటండీ, ఊరకుక్కనేటి కారెక్కించి అరకు తీసుకెల్తన్నారు?" అన్నాడు.

"పెళ్ళిచూపులయ్యాయి. అత్తవారింటికి పంపుతున్నాను" అన్నాను.

అతను పకపక నవ్వాడు. కొత్తవలస దాటేసరికి అద్దం కొద్దిగా దించి, "గాలి తగల్నీండి దానికి" అన్నాడు. కాసేపయ్యాక తానే అన్నాడు, "ధర్మరాజు కూడా కుక్కనొదిలేసి సొర్గానికి రానన్నాడు కదండీ."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. భారతంలో ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ వస్తుంది. తప్పు చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టారని సరమ అనే దేవశునకం సభకు వచ్చి నిలదీస్తుంది. చివర మహాప్రస్థానంలో ధర్మరాజు తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడువనంటాడు. ఇంత పెద్ద గ్రంథం ఒక కుక్క అడిగిన న్యాయంతో ఆరంభమై, మరొక కుక్క పెట్టిన పరీక్షతో ముగింపుకు వస్తున్నది. మరి నేను? నమ్మి వెంటవస్తున్న దానిని కొండ మీద దించి రావడానికే కదా పోతున్నాను!

కాశీపట్నం దాటినాక రోడ్డు కొండను చుట్టుకోవడం మొదలుపెట్టింది. త్యాడ, డముకు, అనంతగిరి. మలుపు తిరిగిన ప్రతిసారీ కింద లోయ ఒక మెట్టు దిగిపోతుంది. డముకు దగ్గర పొగమంచు ఇంకా విడలేదు. అనంతగిరి నుండి కాఫీ తోటలు. పొడవుగా పెరిగిన సిల్వర్ ఓకు చెట్లు, వాటిని పెనవేసుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో నడుమెత్తు కాఫీ మొక్కలు. పండ్లు ఎర్రబారి కోతకు సిద్ధంగా ఉన్నవి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. గిరిజన రైతుల చిన్న చిన్న కమతాలలో పండే పంట ఇది. సుంకరమెట్ట దగ్గర కారు ఆపాము. వెదురుబొంగులో కోడిమాంసం కాలుస్తున్న వాసనకు గవ్వ ముక్కు పైకెత్తి, సముద్రపు ఊరిలో ఎన్నడూ ఎరుగని గాలిని చాలాసేపు పీల్చింది. నా వైపు తిరిగి చూడలేదు. నేను గమనించాను.

లోయలోకి దిగేటప్పటికి వలిసె చేలు పసుపుపచ్చగా విరగబూసి ఉన్నవి. మాస్టారి ఇల్లు ఊరి చివర. పెంకుటిల్లు, ముందు వసారా, చుట్టూ రాతిగోడ. మునుపటి పాఠం మరచిపోలేదు కనుక ఈసారి మొగమాటపడకుండా అన్నీ చూశాను. బావికి గట్టు ఉన్నదా? గేటు కింద దూరిపోయే సందు ఉన్నదా? పశువుల ఆసుపత్రి ఎంత దూరం? ఆయన ఊరికి పోతే ఎవరు చూస్తారు? గొలుసుతో కట్టివేస్తారా? గేటు కింద కొత్తగా ఇనుపవల బిగించి ఉన్నది. ఆయన ఊళ్ళో లేని రోజుల్లో పక్కింటివారి అబ్బాయి వచ్చి తిండి పెడతాడట. కోళ్ళ సంగతి నేనే చెప్పాను. చూస్తే వెంటపడుతుంది, ఇరుగుపొరుగుతో తగవు వస్తుందన్నాను.

"మొదటి నెల తాడు నా చేతిలోనే ఉంటుంది. తరగతిలో కొత్త పిల్లవాడిని ముందు బల్ల మీద కూర్చోబెట్టినట్లే" అన్నారు మాస్టారు.

ఆయన గవ్వను పిలవలేదు, తల నిమరబోలేదు. వసారాలో నేల మీద కూర్చుని, చాటలో ఎండిన కాఫీ గింజలు ఏరుకుంటూ నాతో మాట్లాడారు. కుక్క వైపు చూపు కూడా తిప్పలేదు. అరగంట గడిచింది. గవ్వ నా కాళ్ళ వెనుక నుండి లేచింది. గోడ వెంబడే నడచి, బావిని వాసన చూసి, గింజలను వాసన చూసి, చివరికి ఆయన మోకాలికి జానెడు దూరంలో కూర్చున్నది. ఆయన ఏరడం ఆపలేదు.

నేను చెప్పవలసినవన్నీ చెప్పాను. మొదటి వారం అలవాటైన తిండే పెట్టాలి. పేరు మార్చకూడదు. పాత దుప్పటి ఉతకకూడదు, అందులో దానికి తెలిసిన వాసన ఉంటుంది. కొత్తచోట భయం తగ్గడానికి మూడు రోజులు, పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు అని కుక్కలు సాకేవారు ఒక లెక్క చెబుతారు. కచ్చితమైన శాస్త్రం కాదు గాని తొందరపడేవారికి మంచి కళ్ళెం. చివరిగా ఒక కాగితం మీద సంతకం అడిగాను: ఏ కారణం చేతనైనా ఉంచుకోలేకపోతే వీధిలో వదలక, మరొకరికి ఇవ్వక, నాకే కబురు చేయాలి. ఆయన నిదానంగా చదివి సంతకం చేశారు. "ఇది నా కోసం కాదు, మీ నిద్ర కోసం" అన్నారు.

వసారాలో ఆకులు రాలి ఉన్నవి. అంత శుభ్రమైన ఇంట్లో వాకిలి ఊడ్చలేదేమా అనుకున్నాను. అప్పుడు అర్థమయింది. ఇంట్లో ఎక్కడా చీపురు కంటబడలేదు.

వీడ్కోలు సాగదీయవద్దని నాకు తెలుసు. మన కన్నీళ్ళు కుక్కకు ప్రమాద సంకేతాలుగానే తోస్తాయి. తాడు ఆయన చేతికిచ్చి, గేటు వేసి నడిచాను. వెనుక ఒక్కసారి సన్నగా మూలుగు వినిపించింది. ఆ తరువాత వినిపించలేదు. ఏది ఎక్కువ బాధించిందో ఇప్పటికీ చెప్పలేను.

కారును ముందే పంపివేశాను. మధ్యాహ్నపు రైలులో దిగువకు ప్రయాణం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960 దశకంలో తూర్పు కనుమలను తొలిచి వేసిన మార్గమిది. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. బ్రాడ్ గేజ్ స్టేషనులలో అది దేశంలోనే ఎత్తైనదని ఒకప్పుడు పేరు. అక్కడి నుండి బొర్రా గుహలు, చిమిడిపల్లి, త్యాడ. సొరంగం వెంట సొరంగం. చీకటి కమ్మగానే పెట్టెలోని పిల్లలు కేకలు వేస్తారు, వెలుగు రాగానే నవ్వుతారు. నా సంచి తేలికయింది. దుప్పటి లేదు.

ఆ చీకటి వెలుగుల నడుమ ధర్మరాజు మాట మళ్ళీ తలపుకు వచ్చింది. కుక్కను వదిలి రమ్మని ఇంద్రుడు అన్నాడే గాని, దానిని ఎవరి చేతిలో పెట్టాలో చెప్పలేదు. ఆ మంచుకొండ మీద దానిని అందుకునే చేయి మరొకటి లేదు. అందుకే విడువనన్నాడు. అప్పగించడం వేరు, విడిచిపెట్టడం వేరు. నా వృత్తి అనువాదం. ఎవరో కన్న పుస్తకాన్ని నెలల తరబడి ఇంట్లో పెట్టుకుని, దాని ఊపిరి నా ఊపిరిగా బ్రతికి, చివరికి పాఠకుని చేతిలో పెట్టి తప్పుకుంటాను. పుస్తకం విషయంలో ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనినే కుక్క విషయంలో చేయడానికి ఎందుకింత గింజుకున్నాను? పుస్తకం నా కాళ్ళ దగ్గర పడుకోలేదు గనుక. అంతే.

మొదటి వారం రోజూ ఫోను చేయాలనిపించింది. చేయలేదు. పద్దెనిమిదవ రోజున మాస్టారే చేశారు. గవ్వ కడుపునిండా తింటున్నదట. కోళ్ళను చూసి తాడు లాగడం తగ్గించిందట. సంత రోజున ఆయన తిరిగివచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నదట.

"ఇంకొక సంగతమ్మా. చీపురు మళ్ళీ వసారాలోకి వచ్చింది. మొదట కొట్టుగదిలో, తరువాత గుమ్మం పక్కన, రోజుకొక అడుగు చొప్పున దగ్గరికి తెచ్చాను. ఈవేళ దాని ఎదుటనే ఊడ్చాను. తల ఎత్తి చూసి, మళ్ళీ పడుకున్నది."

ఫోను పెట్టేసి చాలాసేపు కూర్చున్నాను. గవ్వ వచ్చిన నాటి నుండి నా ఇంట్లో చీపురును తలుపు వెనుకనే దాచుతూ వచ్చాను. కుక్క వెళ్ళిపోయి పద్దెనిమిది రోజులైనా అది అక్కడే ఉన్నది. లేచి వెళ్ళి, దానిని తీసి, మునుపు ఉండే చోట పెట్టాను.